నీళ్లు దిగిన నేల మీద

ఎండాకాలం వచ్చిందంటే పాలమూరోళ్లం కిటికీలు మూసి, కూలర్‌లో నీళ్లు పోసి, సాయంత్రం దాకా గడప దాటం. పగటిపూట అది తప్పదు. పదకొండు గంటల నుంచి నాలుగున్నర దాకా బయట తిరగమని నేనెవరికీ చెప్పను. కానీ తెల్లవారినప్పటి నుంచి తొమ్మిది దాకా, మళ్లీ పొద్దు వాలినంక చీకటి పడేదాకా ఉండే ఆ కాస్త పొద్దును కూడా ఫోన్లకు అప్పజెబుతున్నాం. నా బాధంతా దాని గురించే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో కొన్ని సుఖాలు ఎండాకాలంలో తప్ప అందవు. వానలు పడితే కొన్ని చోట్ల నీళ్లు నిలుస్తాయి, కొన్ని చోట్లకు దారి మూసుకుపోతుంది.

కొల్లాపూర్ దగ్గరి సోమశిలనే తీసుకోండి. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. అంతమేర నిండినప్పుడు సోమశిల ఒడ్డున నిలబడితే కంటికి ఆనినంత దూరం నీళ్లే. ఫొటోల కోసం జనం వచ్చేది అప్పుడే. నేను మాత్రం నీళ్లు దిగినంక, ఏప్రిల్‌లో, తెల్లవారుజామునే పోతాను. కృష్ణ వెనక్కి జరిగినకొద్దీ గట్టు మీద ఒకదాని కింద ఒకటి నీటి గీతలు కనిపిస్తాయి. పైన ఒండ్రు ఎండి పలకలు పలకలుగా విచ్చుకుని ఉంటుంది. అడుగు పెడితే పెళ్లలు పటపటమని విరుగుతాయి. ఇంకా కిందికి దిగితే నేల మెత్తబడుతుంది, కొంగల కాలి గుర్తులు కనబడతాయి. అక్కడక్కడా పాత గోడల పునాదులు బయటపడతాయి. ఓసారి ఒక పెద్దాయన మనవణ్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తూ, ‘‘గీడనే మన ఇల్లుండె. గా రాళ్ల కాడ ఎడ్లను కట్టేస్తుంటిమి’’ అని చూపిస్తున్నాడు. పిల్లవాడు ఆ రాళ్లెక్కి దూకుతున్నాడు. ముంపులో ఊరు పోగొట్టుకున్న మనిషి తన వాకిట్లో మళ్లీ నిలబడగలిగేది ఈ ఎండల్లోనే.

నది అవతల నంద్యాల జిల్లాలోని సంగమేశ్వరం గుడిదీ ఇదే కథ. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉంటుంది. నీళ్లు తగ్గినంకే వేపమొద్దు లింగానికి పూజలు. సోమశిల నుంచి పడవలో పోవచ్చు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి ఎన్నో ఇళ్లు చీకటైన సంగతి ఈ ప్రాంతం మరువలేదు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకండి. మనుషుల్ని కిక్కిరిసి ఎక్కిస్తుంటే దిగి వచ్చేయండి, గుడి వచ్చే ఏడాదీ తేలుతుంది.

నల్లమల తలుపు ఇంకా తక్కువ రోజులు తెరుచుకుంటుంది. సలేశ్వరం లింగమయ్య జాతర చైత్ర పౌర్ణమికి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలి చోటు కాబట్టి ఆ కొద్ది రోజులే అటవీశాఖ జనాన్ని పోనిస్తుంది. పూజలు చేసేది చెంచులు. బండ్లు ఆగిన చోటు నుంచి రాళ్ల దారిలో లోయలోకి నడక. దిగేవాళ్లు ‘‘వస్తున్నం లింగమయ్యా’’ అంటారు, ఎక్కేవాళ్లు ‘‘పోతున్నం లింగమయ్యా’’ అంటారు. ఇరుకు దారిలో ఆ రెండు కేకలు ఎదురెదురుపడుతుంటే ఆయాసం గుర్తుకు రాదు. ఆ నెలలో చెట్లు చాలావరకు ఆకు రాల్చి ఉంటాయి. వానాకాలంలో పది అడుగుల అవతల ఏముందో కనిపించని అడవి, అప్పుడు లోయ అవతలి కొండ దాకా కనిపిస్తుంది. చివర ఎత్తైన బండల మీది నుంచి పడే నీళ్లు. అంత దూరం చెమటోడ్చి నడిచినంక ఆ చల్లదనం నెత్తిన పడితే పెద్దమనుషులు కూడా కేకలేస్తారు. నీళ్ల సీసాలు మాత్రం తిరిగి మోసుకొచ్చేయండి, ఆ అడవి జింకలది, చెంచులది.

ఈ రోజుల్లోనే మొర్రిపండ్లు, తునికిపండ్లు, పాలపండ్లు అడవి దిగి ఊళ్లలోకి వస్తాయి. మొర్రిపండు గుజ్జు చప్పరించినంక గింజ పారేయకుండా పిల్లలతో పగలగొట్టించండి, లోపల సారపప్పు ఉంటుంది. పాలపండు పెదాలకు అంటుకుపోతుంది. కొనేటప్పుడు బేరమాడకండి. ఆ దోసిలి పండ్ల కోసం ఎవరో ఎండలో ఎంత తిరిగారో మనకు తెలియదు.

అంత దూరం పోలేనివాళ్లకు తాటివనం ఉండనే ఉంది. ముంజల్ని కవర్లో కట్టించుకొచ్చి ఫ్రిజ్‌లో పెట్టి తినడం నాకు నచ్చదు. పొద్దున్నే చెట్టు కిందికే పోవాలి. గౌడన్న గెల దింపి, కాయ తల మీద కత్తితో ఒక్క వేటు వేస్తే మామూలుగా మూడు కళ్లు బయటపడతాయి. బొటనవేలు గుచ్చి తిప్పి, నోటి దగ్గర పెట్టి జుర్రాలి. లేతదైతే నీళ్లు గదవ మీదుగా మోచేతి దాకా కారుతాయి. కాస్త ముదిరితే నమలాలి, బాగా ముదిరితే కడుపునొప్పి. పలుచని పైపొర కొంచెం వగరుగా ఉంటుంది. చెమటకాయలున్న పిల్లల వీపుకు ఆ నీళ్లే రాసేవాళ్లు మా ఇంట్లో. తిన్నంక రెండు బుర్రలకు అడ్డంగా పుల్ల గుచ్చి, పంగలకర్రతో తోస్తే బండి. ఎనిమిదేళ్ల పిల్లలకు ఆ బండి చేయడం చూపించాను. సాయంత్రం దాకా వాకిట్లో తోలుతూనే ఉన్నారు.

గద్వాల వైపు ఉన్నవాళ్లకు జూరాల ఉంది. పొద్దు గూకే వేళ ప్రాజెక్టు దగ్గర గాలి చల్లబడుతుంది, దుకాణాల్లో చేపలు వేగుతుంటాయి. ఉప్పూకారం పట్టించిన ముక్క వేడివేడిగా ఆకులో పెట్టిస్తే, గట్టు మీద కూర్చుని ముళ్లు ఏరుకుంటూ తినడానికి గంట చాలదు. ఇంటిల్లిపాదీ ఒకే వైపు చూస్తూ కూర్చునే గంట మనకు ఇంకెక్కడ దొరుకుతుంది?

రోహిణి కార్తె ఎండలు ముదరకముందే ఇవన్నీ చేసేయాలి. మృగశిర వచ్చేసరికి ముంజలు గట్టిపడిపోతాయి. ఆ వెనకే ఎగువన వానలు పడి జూరాల గేట్లు లేస్తే, కిందికి పారిన ఆ నీళ్లే సోమశిల దగ్గర ఒక్కో గీతా ఎక్కుతూ వస్తాయి. తాతలు తమ ఇంటి రాళ్లు చూపించాలనుకుంటే ఈ ఆదివారమే పిల్లల్ని బండెక్కించండి.