చిలక, గోరువంక, లాక్‌డౌన్

2020 మార్చి నెలాఖరులో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి ఒక పీడీఎఫ్ వచ్చింది. ఇంట్లో పిల్లల్ని బిజీగా ఉంచడానికి యాభై మార్గాలు. కలిపి పోసిన పప్పుల్ని రంగులవారీగా ఏరించడం, పాత న్యూస్‌పేపర్లతో టోపీలు, బట్టల క్లిప్పులతో కూడికలు, ఇలాంటివి. ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అంటించాను. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. నాలుగు రోజుల్లో ముప్పై అయిపోయాయి. ఐదోరోజు పొద్దున నేను స్టాండప్ కాల్‌లో ఉంటే పక్కకొచ్చి నిలబడి, "ఇవన్నీ అయిపోతే లాక్‌డౌన్ అయిపోతుందా నాన్నా?" అని అడిగింది.

ఈమధ్య శుకసప్తతి తిరగేస్తుంటే ఆ కాగితం గుర్తొచ్చింది. ఎందుకంటే శుకసప్తతి కూడా అదే పని మీద ఉన్న పుస్తకం. ఒక మనిషిని డెబ్భై రాత్రులు గడప దాటకుండా ఆపడం ఎలా? ఈ పుస్తకాన్ని శృంగారం కోసం చదివినవాళ్ళున్నారు, బూతని పక్కన పెట్టినవాళ్ళున్నారు. నాకు మాత్రం 2020 నాటి ఆ వేసవి తర్వాత ఇది గృహనిర్బంధ సాహిత్యంలాగే కనిపిస్తోంది.

సంస్కృతంలో కథాచట్రం ఇదీ. భర్త వ్యాపారం మీద దూరదేశం వెళ్తాడు. ఇంట్లో ఒక చిలక, ఒక గోరువంక ఉంటాయి. కొన్నాళ్ళకి ప్రభావతి ప్రియుడి దగ్గరికి వెళ్ళడానికి ముస్తాబై బయలుదేరుతుంది. గోరువంక ఊరుకోదు, తప్పు కదా అని మందలిస్తుంది. ప్రభావతి దాని పీక నొక్కబోతుంది, అది తప్పించుకుని ఎగిరిపోతుంది. ఇక చిలక వంతు. చిలక తెలివైనది. వెళ్ళమ్మా, తప్పకుండా వెళ్ళు, కానీ చిక్కులో పడితే ఫలానా ఆవిడలా బయటపడే నేర్పు నీకుందా అంటుంది. ఎవరావిడ? ఏం చిక్కు? ప్రభావతి ఆగిపోతుంది.

పుస్తకం కిటుకంతా ఈ రెండు పక్షుల తేడాలోనే ఉంది. ఆ రోజుల్లో మన చుట్టూ ఎన్ని గోరువంకలు! ఫోన్ చేస్తే రింగుకి ముందు దగ్గు వినిపించి జాగ్రత్తలు చెప్పే గొంతు, గుమ్మం దగ్గర లాఠీ, పొద్దున్నే గుడ్ మార్నింగ్‌తో పాటు సుద్దులు పంపే మేనమామ. చెప్పినవి తప్పు మాటలు కావు. గోరువంక చెప్పిందీ తప్పు కాదు. కానీ ఇంట్లో ఎందుకుండాలో చెప్పడం వేరు, ఉండాలనిపించేలా చేయడం వేరు.

అయితే చిలక ఊరికే కథ చెప్పి కూర్చోబెట్టదు. సరిగ్గా ముడిపడ్డ చోట ఆపుతుంది. తలుపు అవతల మొగుడు, లోపల ప్రియుడు, మధ్యలో ఈవిడ. ఇప్పుడేం చెయ్యాలో నువ్వు చెప్పు అంటుంది. ప్రభావతి ఆలోచిస్తుంది. తోచదు. ఆ ఆలోచనలో రాత్రి గడిచిపోతుంది. మా వృత్తి భాషలో చెప్పాలంటే ఇది ఇన్‌పుట్ ఇస్తేగానీ ముందుకి కదలని ప్రోగ్రామ్. ఫ్రిజ్ మీది కాగితం అలాంటిది కాదు. ఒకటి అయ్యాక రెండు, రెండయ్యాక మూడు. ఆటోప్లే వీడియోలు ఇంకా నయం, వాటికి గోడ మీద టిక్కు కూడా పెట్టక్కర్లేదు.

తెలుగులో ఈ దారి పట్టినవాళ్ళలో ఇద్దరు ముఖ్యులు. పాలవేకరి కదిరీపతి శుకసప్తతి రాశాడు. అయ్యలరాజు నారాయణామాత్యుడు హంసవింశతి రాశాడు. రెండోదానిలో చిలక బదులు హంస, డెబ్భై బదులు ఇరవై. ఇద్దరికీ కథ కంటే కథ పక్కనున్న సామాను మీద మోజెక్కువ. ఒక మనిషి వీధిలో నడిచాడంటే ఆ వీధిలోని వృత్తులు, సరుకులు, తిండి, నగలు అన్నీ పద్యాల్లోకి వచ్చి పడాల్సిందే. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసేటప్పుడు ఈ రెండు పుస్తకాలనీ అంతగా వాడుకున్నది అందుకే. విమర్శకులు దీన్ని అతి వర్ణన అంటారు. నేనూ ఒకప్పుడు అవి దాటేసి చదివినవాణ్ణే. కానీ బయటికి వెళ్ళకూడని మనిషికి చెబుతున్న కథ కదా ఇది! ఆమెకి వీధినంతా ఇంట్లోకి తెచ్చి పోస్తున్నారు. హంసవింశతిలో పిల్లల ఆటల పేర్లు వరసగా వస్తాయి. వాటిలో సగం ఆటలు ఎలా ఆడతారో నాకు తెలియదు. అయినా ఆ జాబితా చదువుతుంటే సెల్లార్‌లో పిల్లలు లేని ఆ ఏప్రిల్ సాయంత్రాలు గుర్తొచ్చాయి.

ప్రభుత్వం కూడా ఒక చిలకని తెచ్చింది. మార్చి 28 నుంచి దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణం, పొద్దున తొమ్మిదికొకటి, రాత్రి తొమ్మిదికొకటి. మా అత్తగారు కదలకుండా చూశారు. 1987లో మొదలైనప్పుడు అది ఆదివారానికొక ఎపిసోడ్. మధ్యలో వారం రోజులు. కైకేయి అలా ఎందుకడిగింది అన్నదాని మీద బస్సుల్లో, బావుల దగ్గర, ఆఫీసుల్లో వాదించుకోవడానికి ఆరు రోజుల వ్యవధి. రోజుకి రెండు చొప్పున వేసేసరికి ఆ వ్యవధి పోయింది. అదే సీరియల్, అవే బాణాలు. చిలక ఊపిరి తీసుకోవడం మానేసింది, అంతే.

లాక్‌డౌన్‌లో అందరూ తలచుకున్న పుస్తకం డెకామెరాన్. న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్ అయితే ఆ జులైలో ఆ పేరు మీదే ఇరవై తొమ్మిది కొత్త కథలతో ఒక సంచిక వేసింది. 1348లో ఫ్లోరెన్స్‌కి ప్లేగు వస్తే ఏడుగురు యువతులు, ముగ్గురు యువకులు ఊరి బయట భవంతికి వెళ్ళిపోయి, పది రోజుల్లో వంద కథలు చెప్పుకుంటారు. నిజానికి వాళ్ళు ఉన్నది రెండు వారాలు. శుక్ర, శనివారాలు కథలకి సెలవు. ఈ సెలవు సంగతి ఆ పీడీఎఫ్ చేసినవాళ్ళకి ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

తలచుకున్నవాళ్ళు అంతగా పట్టించుకోని సంగతులు ఇంకో రెండు ఉన్నాయి. ఆ పదిమందితో పాటు నలుగురు దాసీలు, ముగ్గురు నౌకర్లు కూడా వెళ్ళారు. బొకాచియో ఏడుగురికీ పేర్లు పెట్టాడు, ఎవరికే పనో మొదటిరోజే పంచాడు. వంట ఇద్దరు, గదులు ఇద్దరు, వడ్డన ఒకరు. ఆరోరోజు వంటింట్లోంచి ఇద్దరి పోట్లాట వినబడితే కథలవాళ్ళు నవ్వుకుంటారు. వంద కథల్లో ఒక్కటీ ఆ ఏడుగురి చేత చెప్పించలేదు.

నేను శుకసప్తతి గొప్పతనం ఇంట్లో ఉపన్యాసంలా చెబుతున్నప్పుడు మా ఆవిడ ఇదే ఎత్తిచూపింది. "డెబ్భై రాత్రులు సరే, పగలు ఆ చిలకకి గింజలెవరు పెట్టారు?" అంది. మా ఇంట్లో 2020లో పనమ్మాయి గేటు లోపలికి రావడానికి వీల్లేదు. ఇద్దరికీ లాప్‌టాప్ ఉద్యోగాలే. కథ చెప్పినవాడు నాన్న, గిన్నెలు కడిగింది అమ్మ. కుటుంబాన్ని బిజీగా ఉంచే మార్గాలు అన్న శీర్షికలో కుటుంబం అంటే ఎవరో, అందులో అప్పటికే బిజీగా ఉన్నవాళ్ళ సంగతేమిటో ఆ కాగితంలో లేదు. కదిరీపతిలోనూ లేదు. అసలు ప్రభావతిని ఆపడం ఎవరి లాభం కోసం? వెళ్ళింది మొగుడు, ఊళ్ళు చూసింది మొగుడు. చిలక మాటకారితనానికి ముచ్చటపడుతూ నేను ఈ ప్రశ్న దాటేశాను.

రెండో సంగతి. డెకామెరాన్‌లో మొదటిరోజు రాణిగా ఉన్న పాంపీనియా నౌకర్లకి ఒక ఆజ్ఞ ఇస్తుంది: బయటనుంచి సంతోషకరమైన వార్త తప్ప ఇంకేదీ లోపలికి తేవద్దని. మొదటిసారి చదివినప్పుడు సుతారంగా అనిపించిన వాక్యం. మా బాల్కనీలోంచి మేడ్చల్ వైపు వెళ్ళే హైవే కనిపిస్తుంది. ఏప్రిల్‌లో మూటలు నెత్తిన పెట్టుకుని ఉత్తరానికి నడుస్తున్న మనుషులు దాని మీద కనిపించేవాళ్ళు. కొందరి భుజాల మీద మా అమ్మాయి వయసు పిల్లలు. మధ్యాహ్నాలు మేం కర్టెన్ వేసేవాళ్ళం. ఎండకి, అని చెప్పేవాళ్ళం.

చిలక కథలు ఆరేళ్ళ పిల్లకి చెప్పేవి కావు కనక నేను బేతాళుడిని పట్టుకున్నాను. చందమామ చదివి పెరిగినవాళ్ళందరికీ ఆ చట్రం తెలుసు. బేతాళుడు కథ మొదలుపెట్టేది రాజుకి నడక శ్రమ తెలియకుండా ఉండడానికి, అంటే అక్షరాలా కాలక్షేపానికి. చివర్లో మాత్రం ప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం పోతుంది, శవం మళ్ళీ చెట్టెక్కుతుంది, పని మొదటికొస్తుంది. పిల్లలకి ఇది పిచ్చి ఆనందం. పెద్దవాళ్ళకి ఆ ఏప్రిల్ నెలంతా ఇదే కదా!

ఒకరోజు తలలు మారిన కథ చెప్పాను. గుడిలో భర్త, అన్న ఇద్దరూ తలలు నరుక్కుంటారు. దేవి కరుణించి అతికించుకోమంటే, ఆ అమ్మాయి కంగారులో ఒకరి తల ఇంకొకరి మొండేనికి పెడుతుంది. ఇప్పుడు ఎవరు ఆమె భర్త? (ఆరేళ్ళ పిల్లకి ఇదా అని మా అత్తగారు కోప్పడ్డారు. పిల్లకి మాత్రం తలలు తెగడం దగ్గర ఏ ఇబ్బందీ రాలేదు.) శరీరంలో తల ప్రధానం కనక భర్త తల ఉన్నవాడే భర్త అని విక్రమార్కుడి తీర్పు. థామస్ మన్, గిరీష్ కర్నాడ్ ఈ తీర్పుతో సరిపెట్టుకోలేకే ఒకరు నవలిక, ఒకరు 'హయవదన' రాశారు.

మా అమ్మాయీ సరిపెట్టుకోలేదు. "మరి వాళ్ళలో ఒకడికే సైకిల్ తొక్కడం వచ్చనుకో. ఇప్పుడు ఎవరికొస్తుంది? తలకా, కాళ్ళకా?" అంది.

మార్చి మొదట్లోనే పక్క చక్రాలు తీయించాం. రెండు వారాలు నేర్చుకుంది, దాదాపు వచ్చేసింది. తర్వాత సైకిల్ సెల్లార్‌లో తాళం వేసి ఉండిపోయింది. తలకే గుర్తుంటుంది అన్నాను. రాత్రి మా ఆవిడ కాళ్ళకే అంది. పిల్ల ఇద్దర్నీ నమ్మలేదు. మర్నాడు పొద్దున మంచం మీద వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, గాల్లో కాళ్ళు తిప్పుతూ చాలాసేపు ఉంది. నాకు కాల్ ఉంది. మ్యూట్‌లో పెట్టి చూస్తూ నిలబడ్డాను.

పాతిక కథల్లో విక్రమార్కుడు జవాబు తెలియక మౌనంగా నడిచేది ఒక్కసారే. ఆ ఒక్కసారే శవం తిరిగి చెట్టెక్కదు.

జూన్‌లో సైకిల్ బయటికి తీశాం. టైర్లలో గాలి లేదు, సీటు పొట్టిదైపోయింది. తను ఎక్కబోయే ముందు ఎవరు గెలుస్తారో చూద్దాం అంది. కాళ్ళు పెడల్ అందుకున్నాయి, ముందుకి చూడాల్సిన తల మాత్రం నేను వెనక పట్టుకున్నానా లేదా అని తిరిగి చూసింది. పడింది.