కర్త దొరకని వాక్యం

కథనూ, కవితనూ, నాటకాన్నీ మనం విమర్శకు పెడతాం. పోలీసు ప్రకటనను పెట్టం. అది సాహిత్యం కాదని మన ఉద్దేశం. కాని అరకు, పాడేరు, చింతపల్లి, సీలేరు, పార్వతీపురం కొండల గురించి కింద మైదానంలో ఎక్కువమంది చదివిన రచన ఏదంటే అదే. కొండ మనిషిని తెలుగు పాఠకుడికి పరిచయం చేసింది మన కథకుల కన్నా ఆ ప్రకటన రాసే గుమాస్తాయే. అందుకని ఈసారి ఆ రచనతోనే మొదలుపెడతాను.

దాని నమూనా అందరికీ కంఠతా వచ్చినదే. కూంబింగ్ జరుపుతుండగా సాయుధులు తారసపడ్డారు. లొంగిపొమ్మని హెచ్చరించగా కాల్పులు మొదలుపెట్టారు. ఆత్మరక్షణార్థం ఎదురుకాల్పులు జరిగాయి. మిగిలినవారు చీకటిని ఆసరా చేసుకుని పారిపోయారు. తెల్లవారి వెతగ్గా గుర్తు తెలియని మృతదేహం లభించింది. ఊరు పేరు మారుతుంది, తేదీ మారుతుంది, శవాల సంఖ్య మారుతుంది. కథ మారదు.

దీని శిల్పాన్ని గమనించండి. తారసపడినవాళ్ళకూ, హెచ్చరించినా వినకుండా కాల్చినవాళ్ళకూ, పారిపోయినవాళ్ళకూ కర్త స్పష్టంగా ఉన్నాడు. చంపడం దగ్గరికి వచ్చేసరికి కర్త లేడు. కాల్పులు ‘జరిగాయి’, వాన కురిసినట్టు. మృతదేహం ‘లభించింది’, అడవిలో తేనెపట్టు దొరికినట్టు. తెలుగు మాట్లాడే జనానికి కర్మణి ప్రయోగం అలవాటు లేదు. పల్లెలో ఎవరూ ‘కొట్టబడ్డాడు’ అనరు. కొట్టారంటారు, లేదా దెబ్బలు తిన్నాడంటారు. అలాంటి భాషలో కర్తను దాచాలంటే కష్టపడాలి. ప్రభుత్వ కార్యాలయాలు ఆ కష్టం పడ్డాయి. ఆ మేరకు అది నేర్పుగల రచనే.

ఈ నేర్పు కొత్తది కాదు. 1924 మే 7న కొయ్యూరులో అల్లూరి సీతారామరాజును పట్టుకున్నాక కాల్చారు. తప్పించుకోబోతుండగా కాల్చామన్నది అప్పటి అధికారుల కథనం. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. పేరు ఆయనది, వాక్యం మేజర్ గుడాల్‌ది. రెండూ ఆ జిల్లాలో పక్కపక్కనే బతుకుతున్నాయి.

శ్రీకాకుళంలో 1969 మే నెలలో పంచాది కృష్ణమూర్తీ, ఆయనతోపాటు మరికొందరూ, ఆ డిసెంబరులో సుబ్బారావు పాణిగ్రాహీ, 1970 జూలైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం — వీళ్ళ చావులన్నిటికీ అధికారికంగా ఒక్కటే కథ. పట్టుకుని చంపారన్న ఆరోపణ మీద గట్టి విచారణ జరగాలని దేశం అడగడానికి ఎమర్జెన్సీ పోవలసివచ్చింది. 1977లో తార్కుండే కమిటీ ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్ల మీద నివేదికలిచ్చింది. ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్ వేసింది. సాక్ష్యాలు నడుస్తుండగా విచారణ రహస్యంగా జరగాలని పట్టుబట్టింది. అంతటితో ఆ కథ ఆగిపోయింది. ఇవి పాఠకులకు తెలిసిన సంగతులే, ఇంతకంటే వివరించను.

తెలియవలసినది మరొకటి ఉంది. ‘ఎన్‌కౌంటర్’ అనే ఇంగ్లీషు నామవాచకాన్ని పోలీసులు తెచ్చారు. అది ఇద్దరు ఎదురుపడటం. అందులో చంపేవాడూ చచ్చేవాడూ లేరు. ఆ మాటను జనం తీసుకుని ఏం చేశారో చూడండి. ‘వాణ్ణి ఎన్‌కౌంటర్ చేశారు’ అన్నారు. సకర్మక క్రియ అయింది. కర్త వచ్చాడు, కర్మ వచ్చింది. ఏ వ్యాకరణం చదవనివాళ్ళు, ప్రభుత్వం తప్పించిన కర్తను వాక్యంలోకి లాక్కొచ్చి నిలబెట్టారు. గత యాభై ఏళ్ళలో తెలుగు వాక్యానికి జరిగిన గొప్ప దిద్దుబాటు ఇదేనని నా అభిప్రాయం. ఇది చేసింది మనం కాదు. మహాశ్వేతాదేవి ‘ద్రౌపది’లో దోప్ది మెఝెన్ కూడా ఈ ఇంగ్లీషు మాటనే సగానికి నరికి వాడుతుంది. దానికి నిఘంటువులో అర్థమేమిటో ఆమెకు తెలియదు, అసలు అర్థం మాత్రం సేనానాయక్ కంటే బాగా తెలుసు. ఆ కథ మొదలయ్యేది కూడా పోలీసు దస్త్రంలో ఆమె వివరాలతోనే. పేరు, వయసు, ఊరు, ఆచూకీ చెప్పినవారికి బహుమానం. దస్త్రం భాషను కథలోకి తెచ్చి, కథ చివరికి ఆ భాష నోరు పడిపోయేటట్టు చేసింది రచయిత్రి. మన వాళ్ళు ఆ కథలోని ధిక్కారాన్ని మెచ్చుకున్నారు. ఈ పనిని గమనించలేదు.

ఇక అదృశ్యం సంగతి. ఎన్‌కౌంటర్‌లో శవమైనా ఉంటుంది. మనిషిని పట్టుకుపోయి, పట్టుకుపోలేదని చెబితే శవం కూడా లేదు. ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబరు 20న ఆమోదించిన ఒడంబడిక దీన్ని మూడు ముక్కల్లో నిర్వచించింది. రాజ్యం మనుషులో, రాజ్యం అండ ఉన్నవాళ్ళో ఒకరిని నిర్బంధించడం. ఆ నిర్బంధాన్ని కాదనడం, లేక మనిషి ఏమయ్యాడో దాచడం. దాంతో అతను చట్టం రక్షణకు బయట పడిపోవడం. భారత ప్రభుత్వం 2007 ఫిబ్రవరిలో దానిమీద సంతకం చేసింది, ధ్రువీకరించలేదు. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా ఈ పేరుతో ప్రత్యేక నేరం లేదు. అపహరణ ఉంది, అక్రమ నిర్బంధం ఉంది, హత్య ఉంది. మాయం చేయడం లేదు.

మన భాషలోనూ లేదనిపిస్తుంది. ‘అదృశ్యమయ్యాడు’ అంటాం. వాక్యంలో కర్త ఎవరు? పోయినవాడే! ‘కనిపించకుండా పోయాడు’ అన్నా అంతే. తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లవాడికీ, అర్ధరాత్రి జీపెక్కించిన యువకుడికీ ఒకటే క్రియ. ‘అదృశ్యం’లో మంత్రతంత్రాల వాసన ఒకటి. రావిశాస్త్రిగారి ‘మాయ’లో ముత్యాలమ్మ పోలీసూ, ప్లీడరూ, కోర్టూ కలిసి నడిపే వ్యవహారాన్ని ఒక కుర్ర ప్లీడరుకు విప్పి చెబుతుంది. సారా అమ్ముకునే మనిషి న్యాయశాస్త్రానికి వ్యాఖ్యానం చెప్పింది. మాయ అంటే దేవుడు చేసేది కాదు, మనుషులు చేసేదని ఆ కథ చెప్పి అరవై ఏళ్ళు దాటింది. అయినా మనం ఇంకా ‘మాయమయ్యాడు’ అనే రాస్తున్నాం. ‘మాయం చేశారు’ అన్న క్రియ చేతిలోనే ఉంది.

ఈ మధ్య ఒక యువ రచయిత కథ నా పరిశీలనకు వచ్చింది. అరకు వైపు ఊరు. సంతకు వెళ్ళిన కొడుకు తిరిగి రాడు. తల్లి స్టేషనుకు వెళుతుంది, లేడంటారు. ఏడుస్తుంది. ఊరంతా కూడుతుంది. చివర ఆ తల్లి కొడుకు ఫోటోకు దండ వేసి, పిడికిలి బిగించి, నా బిడ్డ చావలేదు, వేలమంది బిడ్డలై లేస్తాడంటుంది. రచయిత నిజాయితీని శంకించను. కాని ఆ దండ దగ్గర నాకు పేచీ వచ్చింది. ఆ తల్లికి కొడుకు చచ్చాడని ఎవరు చెప్పారు? స్టేషనులో లేడన్నారు. ఆ జవాబును ఆమె కాదు, రచయిత నమ్మేశాడు. దండ వేయించి, పోలీసులు ఇవ్వని మరణ ధ్రువపత్రం తనే ఇచ్చేశాడు. ఇప్పుడు ఆ పోలీసులకు జవాబు చెప్పవలసిన పని ఏముంది?

ఇది ఆ ఒక్క కథ లోపం కాదు. మన కవిత్వంలో స్మృతిగీతం చాలా బలమైన ప్రక్రియ. శ్రీకాకుళం నుంచి అది మనల్ని నిలబెట్టింది, కాదనను. కాని స్మృతిగీతానికి పేరు కావాలి, తేదీ కావాలి, చావు ఖాయం కావాలి. స్థూపం మీద చెక్కడానికి ఇవి లేనిదే కుదరదు. పట్టుకుపోయిన మనిషి విషయంలో ఆ మూడో అంశాన్ని రాజ్యం దాచిపెట్టింది. దాచినదాన్ని మనమే పూరించి పాడితే, పాట ఎంత ఆవేశంగా ఉన్నా ఫైలు మూతపడుతుంది. అర్జెంటీనాలో 1977 ఏప్రిల్ నుంచి ప్లాజా దె మాయో కూడలిలో తిరిగిన తల్లుల్లో ఒక వర్గం తర్వాతి కాలంలో తవ్వకాలనూ, పరిహారాన్నీ, స్మారకాలనూ నిరాకరించింది. తీసుకుపోయినవాళ్ళు జవాబు చెప్పకముందు మా బిడ్డల్ని చనిపోయినవాళ్ళుగా ఒప్పుకోమన్నారు. ఆ పట్టుదల సరైనదా అని వాదించుకోవచ్చు. ఎముకలైనా దొరకాలని కోరుకున్న తల్లులదీ న్యాయమే. కాని దుఃఖం ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా రాజకీయ ప్రశ్నే అని వాళ్ళు చూపించారు. చిలీ రచయిత ఏరియల్ డార్ఫ్‌మన్ ‘వితంతువులు’ నవలలో ముఖం చెక్కుకుపోయిన శవం నదిలో కొట్టుకొస్తుంది. ఊరి ఆడవాళ్ళు ఒక్కొక్కరే అది తమ మనిషిదంటారు. ఒక శవానికి అంతమంది హక్కుదార్లు! అది ఏడుపు కాదు, దావా. గుర్తు తెలియని మృతదేహమన్న మాటను వాళ్ళు తిరగేసి కొట్టారు.

ఆ యువ రచయితకు నేను రాసిన సలహా శిల్పానికి సంబంధించినది. నీ కథలో కొడుకును ఆఖరిసారి ఎవరు చూశారు? ఎవరితో చూశారు? సంతలో ఏ దుకాణం ముందు? బండి రంగేమిటి? స్టేషనులో లేడన్నది ఎవరు, కుర్చీలోంచి లేచి అన్నాడా, తల ఎత్తకుండా అన్నాడా? అర్జీ రాసింది ఎవరు, రసీదు ఇచ్చారా? ఇవి లేకుండా తల్లి కన్నీళ్ళు రెండు పేజీలు రాశావు. కథలో వివరం అలంకారం కాదు. ఈ వస్తువులో వివరం సాక్ష్యం.

సాక్ష్యం అనగానే ఒక కేసు చెప్పాలి. కొండ ప్రాంతానిదే, కాని ఈశాన్యంలోది. 1982 మార్చిలో మణిపూర్ కొండల్లోని హుయినింగ్ గ్రామం నుంచి సి. డేనియల్, సి. పాల్ అనే ఇద్దరిని సైనికులు తీసుకువెళ్ళారు. సెబాస్టియన్ హోంగ్రే అనే విద్యార్థి సుప్రీంకోర్టులో హేబియస్ కార్పస్ వేశాడు. వాళ్ళు శిబిరం నుంచి క్షేమంగా వెళ్ళిపోయారని సైన్యం చెప్పింది. కోర్టు నమ్మలేదు. మనుషుల్ని హాజరుపరచమన్నది. పరచలేకపోయారు. 1984లో ఇద్దరి భార్యలకూ చెరి లక్ష రూపాయలు చెల్లించమని ఆదేశించింది. మనుషులు రాలేదు కాబట్టి దీన్ని విజయమనలేను. కాని ఆఖరిసారి నీ దగ్గర ఉన్నవాడు ఏమయ్యాడో చెప్పవలసిన బాధ్యత నీదే అన్న ఒక్క ముక్క చాలా పెద్దది. అది కోర్టు తీర్పే కాదు, కథకు నిర్మాణసూత్రం కూడా. భారం తల్లి మీద నుంచి స్టేషను మీదికి జరుగుతుంది.

జవాబు అడిగినవాళ్ళ అనుమానం ప్రతిసారీ నిజమే కావాలా? 2016 అక్టోబరు 24న ఆంధ్ర-ఒడిషా సరిహద్దున మల్కన్‌గిరి జిల్లా రామగుడ దగ్గర కాల్పుల్లో సుమారు ముప్ఫైమంది చనిపోయాక, 2004 శాంతి చర్చల్లో పాల్గొన్న ఆర్‌.కె. పోలీసుల చేతుల్లో ఉన్నాడేమోనన్న భయంతో ఆయన భార్య హైదరాబాదు హైకోర్టులో హేబియస్ కార్పస్ వేశారు. ఆయన పోలీసుల దగ్గర లేడని తర్వాత తేలింది. 2021లో అనారోగ్యంతో చనిపోయాడు. దీన్ని పట్టుకుని కొందరు ఎద్దేవా చేశారు. ఎక్కడున్నాడని అడిగినవాళ్ళు ముందే జవాబు తెలిసి అడగాలట! గతం నిండా అబద్ధాలున్నచోట భయానికి ఆధారం వెతకనక్కరలేదు. తూర్పు కనుమల ఎన్‌కౌంటర్లు దేశంలో ఏ మూలా నమ్మకం సంపాదించుకోలేదు కనుకనే 1996 నవంబరులో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్ల మీదే ఉత్తర్వు ఇచ్చి, మరుసటేడు దాన్ని అన్ని రాష్ట్రాలకూ పంపవలసివచ్చింది. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ప్రతి ఎన్‌కౌంటర్ చావుకూ కేసు నమోదు, స్వతంత్ర దర్యాప్తు ఉండాలని మార్గదర్శకాలిచ్చింది. కాగితం మీద కర్త తిరిగి వచ్చాడు.

నేలమీద వచ్చాడా? వాకపల్లి చూద్దాం. అది అదృశ్యం కేసు కాదు, కాని నా వాదానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. జి.మాడుగుల మండలం నూర్మతి పంచాయతీలోని ఆ కోదుల ఊరికి 2007 ఆగస్టు 20 తెల్లవారుజామున గ్రేహౌండ్స్ బలగం వెళ్ళింది. తమమీద అత్యాచారం జరిగిందని పదకొండుమంది స్త్రీలు చెప్పారు. ప్రభుత్వం కాదన్నది. విచారణ మొదలు కావడానికే పదేళ్ళు పైబడింది. 2017లో సుప్రీంకోర్టు నిందితుల అభ్యంతరాన్ని తోసిపుచ్చాక గాని అది కదలలేదు. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు పదముగ్గురినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. విడిచిపెడుతూనే దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని తప్పుబట్టింది, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమన్నది. గుర్తింపు పరేడు జరపలేదన్నది ఆ వైఫల్యాల్లో ముఖ్యమైనది.

గుర్తింపు పరేడు అంటే ఏమిటి? వ్యాకరణంలో చెప్పాలంటే, ‘వచ్చారు’, ‘చేశారు’ అన్న క్రియల్లోని ‘రు’కు పేర్లు పెట్టడం. కొండమీద ఆ ‘రు’ చాలా పెద్దది. ఫారెస్టు గార్డు, సారా దాడులకొచ్చే ఎక్సైజు వాడు, కూంబింగ్ పార్టీ — అందరూ ఆ బహువచనంలోనే ఉన్నారు. ఊళ్ళో అందరికీ అర్థమవుతుంది, ఎవరని ఎవరూ అడగరు. కోర్టు అడుగుతుంది: పదముగ్గురిలో ఎవరు? ఆ ప్రశ్నకు జవాబు దొరికే ఏర్పాటును, జవాబు దొరికే కాలంలో, దర్యాప్తు చేయవలసినవాళ్ళే చేయలేదు. కర్త ఉన్నాడని తెలుసు, కర్త పేరు మాత్రం లేదు. పోలీసు ప్రకటన ఐదు వాక్యాల్లో సాధించినదాన్ని దర్యాప్తు పదహారేళ్ళలో సాధించింది.

వాకపల్లి మీద తెలుగులో వచ్చిన కవితల్లో నేను చదివినవన్నీ నేల, అడవి, తల్లి అన్న ప్రతీకల్లోకి ఆ స్త్రీలను కలిపేశాయి. అడవితల్లి మీద అత్యాచారమన్నాయి. పదకొండుమంది మనుషులు చెప్పిన ఫలానా తెల్లవారుజాము, ఫలానా ఊరు అందులో కరిగిపోయాయి. ప్రతీక గొప్పదే కావచ్చు. కాని కోర్టులో గుర్తింపు లేకపోవడం వల్ల ఓడినవాళ్ళను కవిత్వంలో కూడా గుర్తు లేకుండా చేయడం ఏం న్యాయం?

ఇంకొక చిక్కు ఉంది, దీని గురించి మన సంఘాల్లో చర్చే జరగలేదు. ఆ కొండల్లో కువి మాట్లాడేవాళ్ళున్నారు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్ళున్నారు, పోర్జ, గదబ ఉన్నాయి. కువిలో చెప్పింది దుబాసీ నోట తెలుగవుతుంది, రైటరు చేతిలో స్టేషను తెలుగవుతుంది, పైకోర్టుల్లో ఇంగ్లీషవుతుంది. ఒక్కొక్క మెట్టు దగ్గర ఒక్కొక్క విభక్తి రాలిపోతుంది. మన కథల్లో మాత్రం కోదు స్త్రీ నేరుగా శ్రీకాకుళం మాండలికంలో, మధ్యలో ఎవరూ లేనట్టు, ధారాళంగా ఉపన్యసిస్తుంది. యాస రాశాం కదా అని మనకు తృప్తి. ఆమెకూ ఎస్.ఐ.కీ మధ్య నిలబడి, సగం అర్థమై సగం కాక, భయపడుతూ మాట మార్చే దుబాసీ తెలుగు కథలో నాకు ఇంతవరకు తగల్లేదు. వాడు వార్డు మెంబరు కావచ్చు, ఆశ్రమ పాఠశాలలో చదువుకున్న కుర్రాడు కావచ్చు. ‘పట్టుకుపోయారు’ అని ఆమె అంటే ‘వెళ్ళాడు’ అని వాడు చెప్పిన క్షణం ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఆ క్షణం మీద ఎవరైనా కథ రాస్తే, అందులో పిడికిళ్ళు లేకపోయినా సరే, ఈ పత్రికకు పంపమని కోరుతున్నాను.