పదో మనిషి

సాయంత్రం ఐదుంబావు అయ్యేసరికి ఎవరో ఒకరు ఫోను చేస్తారు. "మాస్టారూ, తొమ్మిది మందిమి ఉన్నాం" అంటారు. అంతే, రమ్మని అడగరు. అడగక్కర్లేదు కూడా. బాల్ బ్యాడ్మింటన్‌లో అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. తొమ్మిది దగ్గర ఆగిందంటే వాళ్లంతా నన్ను తిట్టుకుంటూ గేటు వైపు చూస్తున్నారని అర్థం. నడుము పట్టేసిందనో, రాయాల్సిన పని మిగిలిపోయిందనో అప్పటిదాకా కూడబెట్టుకున్న సాకులు ఆ ఒక్క మాటతో ఎగిరిపోతాయి. బ్యాటు పట్టుకుని బయల్దేరతాను.

మా కోర్టు ప్రభుత్వ హైస్కూలు గ్రౌండులో ఉంది. సున్నం గీతలు, రెండు ఇనప స్తంభాలు, అతుకులు పడ్డ నెట్టు. ఇద్దరు టీచర్లు, మందుల షాపాయన, రిటైరైన బ్యాంకు క్యాషియరు, ఎల్ఐసీ ఏజెంటు, ఆటో నడిపే కుర్రాడు, ఇంటర్ చదివే వాడి తమ్ముడు... ఇదీ మా జట్టు. బయట కలిస్తే ఒకరినొకరు పలకరించుకునే అవసరం కూడా లేని మనుషులు.

ఇప్పటి పిల్లలకు బ్యాడ్మింటన్ అంటే షటిలే. గోపీచంద్ అకాడమీ, సైనా, సింధు. అందులో తప్పేమీ లేదు. కానీ మా తరానికి పల్లెటూరి సాయంత్రాల ఆట ఇది. తంజావూరు రాజకుటుంబం సరదాగా ఆడుకున్న ఆట తెలుగు హైస్కూళ్లలోకి వచ్చి స్థిరపడిపోయింది. పసుపుపచ్చ ఉన్ని బంతి, ముప్ఫై గ్రాములు మించదు. నేల తాకేలోపే కొట్టాలి. గాలి వీచిందంటే మనం ఒకచోటికి పంపితే అది ఇంకోచోట దిగుతుంది, ఎంత ఆటగాడైనా నవ్వులపాలు కావాల్సిందే. ఈ ఆటలో మొదటి అర్జున అవార్డు 1970లో జమ్మలమడక పిచ్చయ్య గారికి వచ్చింది. ఆయన నూరేళ్లు దాటి బతికి 2021 డిసెంబరులో వరంగల్‌లో కన్నుమూశారు. ఆట వల్లే అన్నేళ్లు బతికారని నేను అనను. మా క్యాషియరు గారు మాత్రం వారానికోసారైనా అంటారు.

వ్యాయామం గురించి మన దగ్గర ఎప్పుడూ ఒకటే మాట: ఆరోగ్యం కోసం చెయ్యి. నా అనుభవంలో ఇంతకంటే బలహీనమైన కారణం లేదు. డాక్టరు చీటీ మీద మూడు మాత్రలు రాసి, కింద రోజూ నలభై అయిదు నిమిషాల నడక అని రాస్తాడు. మాత్రలు మింగుతాం, చివరి లైను మాత్రం చీటీలోనే ఉండిపోతుంది. పదేళ్ల తర్వాత షుగరు కాళ్లను పట్టుకుంటుందన్న భయం ఈ పూట మనిషిని మంచం మీంచి లేపదు. ఆంధ్రులు ఆరంభశూరులని మనల్ని మనమే ఎగతాళి చేసుకుంటాం గానీ, ఈ విషయంలో అది అన్యాయం. దూరపు లాభం కోసం రోజూ ఒళ్లు వంచడం ఏ జాతికీ చేతకాలేదు.

అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు దీన్ని ఓ తమాషా పద్ధతిలో పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. ఒకసారి మొదలుపెడితే వదలబుద్ధి కాని నవలల ఆడియో కొందరికి ఇచ్చి, జిమ్‌లో ఉన్నప్పుడు మాత్రమే వినాలన్నారు. నవల లేనివాళ్ల కంటే వాళ్లు మొదట్లో 51 శాతం ఎక్కువగా జిమ్‌కు వెళ్లారు. కథలో తర్వాత ఏమైందో తెలుసుకోవాలన్న యావ! ఘంటసాల పాటలు పెట్టుకుని వాకింగ్ చేసే మన పెద్దవాళ్లకు ఈ కిటుకు ఎవరూ నేర్పక్కర్లేదు. అయితే నవంబరు పండగ సెలవులు రాగానే ఆ ఉత్సాహమంతా చల్లారిపోయింది. నాకు అక్కడే అసలు సంగతి కనిపించింది. వెళ్లకపోయినా నవల ఏమీ అనుకోదు కదా. మా తొమ్మిదిమంది అనుకుంటారు.

కోపెన్‌హేగెన్‌లో 8,577 మందిని పాతికేళ్ల దాకా గమనించిన అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. ఏ వ్యాయామమూ లేనివాళ్లతో పోలిస్తే టెన్నిస్ ఆడేవాళ్లు 9.7 ఏళ్లు, షటిల్ ఆడేవాళ్లు 6.2 ఏళ్లు ఎక్కువ బతికారని లెక్క తేలింది. జాగింగ్ చేసేవాళ్లకు 3.2, జిమ్‌కు వెళ్లేవాళ్లకు 1.5. టెన్నిస్ ఆడేవాడికి డబ్బు, తీరిక, మంచి వైద్యం కూడా ఉంటాయి కాబట్టి ఈ ఏళ్లన్నీ రాకెట్ ఖాతాలో వేయకూడదు. అయినా ముందున్నవి రెండూ ఎదురుగా మరో మనిషి లేకపోతే సాగని ఆటలు. ఆ కలివిడితనానికీ ఇందులో వాటా ఉండొచ్చని పరిశోధకులే అన్నారు.

మన దేశం సంగతి వేరు. ఐసీఎంఆర్ నాలుగు ప్రాంతాల్లో చేయించి 2014లో బయటపెట్టిన సర్వేలో సగానికి పైగా జనం శరీరం కదలాల్సినంత కదలడం లేదని తేలింది. సరదా కోసం ఆటో, నడకో, వ్యాయామమో చేసేవాళ్లు పదిమందిలో ఒక్కరు కూడా లేరు. పదో తరగతి పరీక్షలతో మన ఆట ముగిసిపోతుంది. ఆ తర్వాత ఆడటమంటే టీవీలో ఎవరో ఆడుతుంటే చూడటమే.

మా కోర్టు ఇన్నేళ్లుగా నిలబడటానికి కొన్ని అలవాట్లు కారణం. ఎవరూ కూర్చుని రాసిన నియమాలు కావు, వాటంతటవే కుదిరాయి. ఐదున్నరకు ఆరుగురే ఉన్నా మూడు-మూడుగా మొదలుపెట్టేస్తాం, ఎవరి కోసమూ ఆగం. బ్యాటు, బూట్లు స్కూటరు డిక్కీలోనే ఉంటాయి. ఇంటికెళ్లి కాఫీ తాగి వస్తానన్నవాడు రాడు, ఇది మా దగ్గర అందరికీ తెలిసిన శాస్త్రం. కొత్తగా వచ్చినవాడికి మొదటి వారం ఎవరూ పాఠాలు చెప్పకూడదు. బ్యాటు ఎలా పట్టుకోవాలో ఐదుగురు ఐదు రకాలుగా చెబితే ఆరో రోజు వాడు కనిపించడు. జట్లు కూడా రోజూ కలిపేస్తాం, గట్టివాళ్లంతా ఒకవైపు చేరకుండా. ఐదుగురి ఆట కాబట్టి మోకాళ్లు అరిగిన క్యాషియరు గారు నెట్టు దగ్గర నిలబడి మణికట్టుతోనే నెగ్గుకొస్తారు, వెనక పరుగులన్నీ కుర్రాళ్లవి. ఓడినవాళ్లు టీ ఇప్పించాలి. టీతో పాటు మిర్చి బజ్జీలు కూడా వస్తాయి. ఆ విషయంలో డాక్టర్ల సలహా ఇంకా తీసుకోలేదు.

రెండు రోజులు రానివాణ్ణి ఏమైందని నిలదీయకపోవడం అన్నిటికంటే ముఖ్యమైన అలవాటు. వివరణ ఇచ్చుకోవాల్సి వస్తుందనే చాలామంది తిరిగి రారు. అలవాటు ఎలా పడుతుందన్నదాని మీద లండన్‌లో జరిగి 2010లో వచ్చిన అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 దాకా మారింది. మధ్యలో ఒక రోజు తప్పితే నష్టమేమీ కనిపించలేదు. ఒకరోజు తప్పింది కాబట్టి అంతా పోయినట్టే అనుకోవడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ.

ఇదంతా మగవాళ్ల ముచ్చట అని మా ఇంట్లో అభ్యంతరం వచ్చింది. నిజమే, మా గ్రౌండులో ఆడవాళ్లు లేరు. అది గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి కాదు. కానీ మా వదిన సంగతి చూడండి. షుగరు వచ్చిందని రోజూ నడవమన్నారు. నాలుగు పూటలు మేడ మీద తిరిగి మానేసింది. తర్వాత రామాలయంలో కోలాటం నేర్పుతున్నారని తెలిసి చేరింది. గంటసేపు వంగుతూ, గిరగిరా తిరుగుతూ, ఎగురుతూ కర్రలు కలపాలి. తాళం తప్పితే చుట్టూ ఉన్నవాళ్లందరికీ తప్పుతుంది, మానేస్తే జట్టులో ఖాళీ పడుతుంది. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు ఆడాలని ఆ బృందం కోరిక. మొన్న అడిగాను, "వాకింగ్‌కు వెళ్తున్నావా వదినా?" అని. "ఎక్కడ కుదురుతుందయ్యా, ప్రాక్టీసుతోనే సరిపోతోంది" అంది, చెమట తుడుచుకుంటూ.

ఆటతో అన్నీ తీరవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలి. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ ఓ మోస్తరంటే. అది మాకు సరిపోతుంది. వారానికి రెండు రోజులైనా కండరాలకు పని చెప్పాలని కూడా అందులో ఉంది. అది మా ఆటలో లేదు. అందుకే నెట్టు కట్టేలోపు గోడకు చేతులానించి కొన్ని దండీలు, కొన్ని గుంజీలు తీస్తున్నాం. బడిలో శిక్షగా తీసినవే, ఇప్పుడు అదే గ్రౌండులో ఎవరూ చెప్పకుండా! నలభై దాటినవాళ్లు ఒళ్లు వేడెక్కకుండా స్మాష్ కొట్టబోతే భుజమో, మడమ పైన నరమో పట్టేస్తుంది. ఛాతీ బిగిసినట్టుంటే ఆట ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి, అక్కడ మొహమాటం పనికిరాదు.

పార్కుల్లో మున్సిపాలిటీలు ఓపెన్ జిమ్‌లు పెడుతున్నాయి. రంగురంగుల యంత్రాలు. కొన్నాళ్లకు పిల్లలు వాటి మీద ఉయ్యాల ఊగుతుంటారు. ఆ డబ్బులో కాస్త పెట్టి సాయంత్రం ఐదు తర్వాత స్కూలు గ్రౌండ్ల గేట్లు తెరిచి, రెండు లైట్లు వేయిస్తే చాలు, ఒక పక్క ఆడపిల్లలకు త్రోబాల్ కోర్టు గీసినా చోటు మిగులుతుంది. మా ఊళ్లో హెడ్మాస్టరు మారినప్పుడల్లా గేటు తాళం సంగతి మళ్లీ మొదటికొస్తుంది. కొత్తాయన సోమవారం చార్జి తీసుకుంటున్నారట. క్యాషియరు గారిని ముందు పెట్టుకుని వెళ్లి కలవాలనుకున్నాం. కొత్త హెడ్మాస్టరు చదువుకునే రోజుల్లో ఏ ఆట ఆడేవారో ఈలోగా వాకబు చేస్తున్నాం.