మీటరు లేని బోరు

ఆలూరు స్టేజీ దగ్గర, బీజాపూర్ రోడ్డు పక్కన కూరగాయలు పెట్టుకుని కూర్చునే రైతులకు కరెంటంటే బోరు మోటారు. విద్యుత్ నియంత్రణ మీద పరిశోధన చేసే నాకు కరెంటంటే పంపిణీ సంస్థలు (డిస్కంలు) విద్యుత్ నియంత్రణ మండలికి (ఈఆర్‌సీకి) సమర్పించే ఆదాయ వ్యయాల పిటిషన్. అది చేతికి రాగానే ముందు వ్యవసాయ వాడకం పట్టిక వెతుకుతాను.

బోర్లకు చాలావరకు మీటర్లుండవు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లను నమూనాగా ఎంచి, వాటి మీటర్ల రీడింగుల నుంచి మొత్తం పొలాల వాడకాన్ని లెక్కగడతారు. ఆ అంచనా ఎంత పెరిగితే లైన్లలో పోయిన నష్టం అంత తగ్గినట్టు కనిపిస్తుంది. పోయిన యూనిట్లు రైతు పద్దులో చేరతాయి, సబ్సిడీ భారమంటూ మాట పడేదీ రైతే. నాకు ఈ రంగంలో ఇంతకన్నా బాధ కలిగించే పట్టిక లేదు.

ఈ ప్రాంతానికి కరెంటు రాజకీయం కొత్త కాదు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపును వ్యతిరేకించిన వారిపై కాల్పులు జరిగాయి. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర మొదలుపెట్టింది ఆలూరుకు దగ్గరి చేవెళ్లలోనే. మరుసటి ఏడాది మే నెలలో ముఖ్యమంత్రిగా ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం చేశారు. తెలంగాణ వచ్చాక, 2018 జనవరి 1 నుంచి పొలాలకు 24 గంటల సరఫరా. కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపే ఆటో స్టార్టర్లు తీసేయమని అప్పుడు ప్రభుత్వమే రైతులను కోరింది. భూగర్భజలం అడుగంటుతుందన్న ఆ భయం సరైనదే.

ఇప్పుడు బొగ్గు నుంచి సౌరానికి మళ్లుతున్నాం. ఎండ కాసే వేళకే మోటారు నడిస్తే రైతుకు రాత్రిపూట పొలానికి వెళ్లే బాధ తప్పుతుంది. కానీ యాదాద్రి బొగ్గు ప్లాంటులో 800 మెగావాట్ల యూనిట్లు ఐదు కట్టుకున్నాం. ఇలాంటి ప్లాంటు సిద్ధంగా ఉంటే చాలు, దాని కరెంటు తీసుకోకపోయినా ఒప్పందం ప్రకారం స్థిర చార్జీ చెల్లించాలి. ఆ డబ్బు ఎవరి బిల్లులో పడుతుంది? 2024 ఆగస్టులో కొత్తగూడెం పాత ప్లాంటు కూలింగ్ టవర్లు కూల్చారు. అలాంటి చోట్ల కాంట్రాక్టు కార్మికుల బతుకు ఏ పద్దులో రాస్తారు? న్యాయమైన మార్పు అనేవాళ్లం ముందుగా ఈ రెండింటికీ జవాబు చెప్పాలి.

ఈఆర్‌సీకి అభ్యంతరం రాయడానికి వకీలు అక్కర్లేదు, విచారణలో ఎవరైనా మాట్లాడవచ్చు. నేను అక్కడ అడగదలచింది ఒకటే: నమూనా ట్రాన్స్‌ఫార్మర్ల జాబితాను, వాటి నెలవారీ రీడింగులను ఊళ్లవారీగా తెలుగులో పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. తన బోరున్న ట్రాన్స్‌ఫార్మర్ అందులో ఉందో లేదో ఆలూరు రైతే చూసుకుంటాడు.