ఉప్పుగాలి ఊళ్లో తొలి గేమింగ్ పీసీ

సొంతంగా గేమింగ్ కంప్యూటర్ కట్టుకోవాలనుకునే కుర్రాడు మొదట అడిగేది గ్రాఫిక్స్ కార్డు గురించే. పుదుచ్చేరిలో ఉండి అడిగేవాళ్లను నేను ముందు వేరే సంగతులు అడుగుతాను. మీ గది సముద్రానికి ఎంత దూరం? ఏసీ ఉందా? ప్లగ్గులో ఎర్తింగ్ సరిగ్గా ఉందా? యానాం నుంచి వచ్చి ఇక్కడి టెక్నలాజికల్ యూనివర్సిటీలోనో, కాలాపేట్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో చదువుకునే మన పిల్లలకు ఈ ప్రశ్నలు మరీ ముఖ్యం. ఇల్లు 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంటుంది. అద్దె గదిలో మెషీన్ పాడైతే చూసుకోవాల్సింది వాళ్లే.

విడిభాగాలు తెచ్చి మెషీన్ కట్టుకోవడం మన దేశంలో పాత అలవాటే. 1981లో ఐబీఎం తన పీసీని బజార్లో దొరికే భాగాలతో తయారుచేసి, దాని నిర్మాణ వివరాలు కూడా బయటపెట్టింది. దాంతో ఇతరులూ దానికి అతికే భాగాలు చేయడం మొదలుపెట్టారు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు ఇచ్చాక బోర్డు స్క్రూలు ఎక్కడ పడాలో, పవర్ ప్లగ్ ఎలా ఉండాలో అందరికీ ఒకటే లెక్క అయింది. ఒక కంపెనీ బోర్డు మరో కంపెనీ క్యాబినెట్‌లో సరిగ్గా కూర్చునేది అందుకే. బ్రాండెడ్ కంప్యూటర్ కొనే స్తోమత లేని రోజుల్లో మన ఊళ్లలో ఇంటింటికీ, ఇంటర్నెట్ సెంటర్లకీ కంప్యూటర్ చేరింది ఈ అసెంబుల్డ్ దారిలోనే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నై మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్ ఆ పనికి పేరుపడ్డ చోట్లు. పుదుచ్చేరి వాళ్లకు రిచీ స్ట్రీట్ దగ్గర. ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద 150 కిలోమీటర్లు. ఒకప్పుడు పుదుచ్చేరిలో పన్ను తక్కువని పొరుగు ఊళ్లవాళ్లే ఇక్కడికొచ్చి కొనేవారు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఆ తేడా పోయింది. ఇప్పుడు చూసుకోవాల్సింది కొట్టు నమ్మకం, వారంటీ.

ఎంపిక మానిటర్‌తో మొదలుపెట్టాలి. ఇది చాలామంది చివరికి వదిలేసే భాగం, కానీ మిగతా ఖర్చంతా దీన్ని బట్టే తేలుతుంది. 1920 బై 1080 తెర మీద 20 లక్షల 73 వేల చుక్కలుంటాయి. 2560 బై 1440 అయితే దాదాపు 37 లక్షలు. 4కే అంటే దాదాపు 83 లక్షలు, మొదటిదానికి నాలుగు రెట్లు. ఆట నడిచినంతసేపూ గ్రాఫిక్స్ కార్డు ప్రతి దృశ్యంలోనూ ఇన్ని చుక్కల్ని లెక్కగట్టాలి. 144 హెర్ట్జ్ తెరకు తగ్గట్టు ఆడాలంటే ఒక్కో దృశ్యానికి దానికి దొరికేది 7 మిల్లీసెకన్లే. కాబట్టి తొలి మెషీన్‌కు 1080పీ, 144 హెర్ట్జ్ తెర చాలు. వేలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్లకు అది చక్కగా సరిపోతుంది. కౌంటర్ స్ట్రైక్ సర్వర్లు చెన్నైలోనూ ఉన్నాయి కాబట్టి పింగ్ విషయంలో పుదుచ్చేరి అదృష్టవంతమైన ఊరు.

తెర తేలాక కార్డు. ఈ స్థాయికి ఎన్వీడియా ఆర్టీఎక్స్ 5060, ఏఎండీ ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ, ఇంటెల్ ఆర్క్ బీ580 లాంటివి చూడాలి. మోడల్ పేరొక్కటే చూసి డబ్బివ్వకండి. 9060 ఎక్స్‌టీ ఒకే పేరుతో 8 జీబీ, 16 జీబీ రెండు రకాల్లో వస్తుంది. కొత్త పెద్ద ఆటలకు 8 జీబీ చాలడం లేదు. నాలుగేళ్లు వాడాలనుకుంటే ఎక్కువ మెమరీ ఉన్నదాని వైపే నా ఓటు.

ప్రాసెసర్ దగ్గర పెద్దగా తల పట్టుకోవాల్సిన పనిలేదు. ఆరు కోర్లు చాలు. అసలు తేల్చుకోవాల్సింది సాకెట్. ఏఎండీ ఏఎం4 బోర్డులు చౌక, డీడీఆర్4 ర్యామ్ తీసుకుంటాయి, కానీ వాటికి భవిష్యత్తు లేదు. 2022లో వచ్చిన ఏఎం5కు 2027 దాకా, ఆ తర్వాత కూడా తోడ్పాటు ఉంటుందని ఏఎండీ ప్రకటించింది. దానికి డీడీఆర్5 తప్పనిసరి. చిక్కల్లా ఇక్కడే. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పుల్ని ఎగరేసుకుపోవడంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు ఆకాశానికెళ్లాయి. అదే డిసెంబర్‌లో మైక్రాన్ మనందరికీ తెలిసిన క్రూషియల్ బ్రాండ్ వ్యాపారం మానుకుంటున్నట్టు చెప్పింది. అందుకే బడ్జెట్ వేసేటప్పుడు పోయినేడాది ధరలు పట్టుకుని కూర్చోకుండా ఈవారం ధరలు కనుక్కోండి. 16 జీబీ కొంటే 8 జీబీ స్టిక్కులు రెండు కొనండి. రెండు ఛానెళ్లూ పనిచేస్తేనే ప్రాసెసర్‌కు మేత సరిగ్గా అందుతుంది.

ఇక నేను మొదట అడిగిన ప్రశ్నలకొస్తాను. పుదుచ్చేరి మెషీన్ ఆయుష్షు తేలేది ఇక్కడ.

సముద్రపు గాలి మోసుకొచ్చే సన్నని ఉప్పు ధూళితో కలిసి బోర్డుల మీద చేరుతుంది. ఉప్పుకు తేమను పీల్చుకునే గుణం ఉంది. పొడి ధూళి గాలిని మాత్రమే అడ్డుకుంటుంది. ఉప్పు, తేమ కలిసిన ధూళి అయితే కరెంటును పక్కదారి పట్టిస్తుంది, కనెక్టర్ల కాళ్లను తుప్పు పట్టిస్తుంది. బీచ్ రోడ్డుకు నాలుగు వీధుల లోపల ఉండేవాళ్లు క్యాబినెట్ కొనేటప్పుడు రంగుల లైట్లు కాదు, ముందువైపు సన్నటి జాలీ, ఊడదీసి కడుక్కోగల ఫిల్టర్ చూడాలి. ముందు రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి తోయాలి, వెనక ఒకటి బయటికి పంపాలి. లోపలికొచ్చే గాలి ఎక్కువైతే సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, ధూళి ఆ దారిన లోపలికి రాదు. నెలకోసారి ఫిల్టర్ కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెట్టండి. సెలవులకు యానాం వెళ్లేటప్పుడు ప్లగ్ తీసి, మెషీన్ మీద గుడ్డ కప్పండి. ముందంతా గాజు పలక ఉన్న క్యాబినెట్ చూడ్డానికి బాగుంటుంది కానీ ఏసీ లేని గదికి పనికిరాదు. ఏ ఎయిర్ కూలరూ ప్రాసెసర్‌ను గది వేడికన్నా కిందికి దించలేదు. మే నెలలో గది 36 డిగ్రీలుంటే లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

మెషీన్‌ను నేల మీద పెట్టకండి. 2024 నవంబర్ 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు మించి వాన పడింది. ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, జనాన్ని బయటికి తేవడానికి సైన్యం దిగింది. ఈ ఊళ్లో కంప్యూటర్ చోటు బల్ల మీదే.

పవర్ సప్లై దగ్గర మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గించొద్దని బతిమాలుతున్నాను. ఆర్టీఎక్స్ 5060కు 145 వాట్లు, ఆరు కోర్ల ప్రాసెసర్‌కు 90 దాకా, మిగతా వాటికి 60. మొత్తం దాదాపు 300 వాట్లు. దీనికి మంచి కంపెనీ 550 వాట్ల యూనిట్ సరిపోతుంది. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఎంత కరెంటు వృథా కాదో చెబుతుంది కానీ, ఓల్టేజీ ఎగిరినప్పుడు మెషీన్‌ను కాపాడుతుందో లేదో చెప్పదు. ఓవర్ ఓల్టేజ్, ఓవర్ కరెంట్, షార్ట్ సర్క్యూట్ రక్షణలు పెట్టె మీద ఉన్నాయో చూడండి. క్యాబినెట్‌తో ఉచితంగా ఇచ్చే పవర్ సప్లై వద్దు. అది కాలితే ఒక్కోసారి బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోతుంది. యూపీఎస్ కొంటే సైన్ వేవ్ రకం తీసుకోండి. కొత్త పవర్ సప్లైలు కొన్ని స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఆగిపోతాయి. పాత ఇంట్లో అద్దెకుంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి.

బిగించడం ఒక్క మధ్యాహ్నం పని. ప్రాసెసర్ మూల మీది త్రిభుజం గుర్తును సాకెట్ గుర్తుతో కలిపి, నొక్కకుండా వదలాలి. దాని నడుమ బఠానీగింజంత థర్మల్ పేస్ట్ పెట్టి, పైన కూలర్ బిగించాలి. ర్యామ్ రెండు స్టిక్కులు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో. మానిటర్ కేబుల్ బోర్డుకు కాదు, గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. బయోస్‌లోకి వెళ్లి ర్యామ్ వేగం ఎక్స్‌పో సెట్టింగ్‌తో మార్చాలి, లేకపోతే కొన్న వేగం రాదు. ఇదంతా ఒక్కసారి సొంత చేతులతో చేసిన పిల్లలకు తర్వాత స్క్రీన్ నల్లబడితే భయం ఉండదు. ఒక స్టిక్కు తీసి చూస్తారు, కేబుల్ మార్చి చూస్తారు, పోయిన భాగమేదో పట్టుకుని దాన్నొక్కదాన్నే మారుస్తారు. ర్యామ్ బోర్డుకే అతికించేసిన ల్యాప్‌టాప్‌తో ఈ చదువు రాదు. ఈ సంప్రదాయం మీద నాకున్న ప్రేమంతా అందుకే.

కొట్టులో ప్రాసెసర్ కొనేటప్పుడు "అణ్ణా, ఇది బాక్సా, ట్రేయా?" అని తప్పకుండా అడగండి. పెట్టెలో వచ్చే ప్రాసెసర్‌కు కంపెనీ మూడేళ్ల వారంటీ ఉంటుంది. పెట్టె లేకుండా విడిగా వచ్చే ట్రే సరుకుకు కొట్టాయన ఇచ్చే మాటే దిక్కు. బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబర్ రాయించుకోండి, ఆ బ్రాండు సర్వీస్ సెంటర్ పుదుచ్చేరిలో ఉందో, చెన్నై పోవాలో అప్పుడే తెలుసుకోండి.

డబ్బు చాలకపోతే కార్డు ఆపండి, పవర్ సప్లై ఆపకండి. రైజెన్ 5 8600జీ లాంటి, గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్‌తో మొదలుపెడితే వేలొరెంట్ హాయిగా నడుస్తుంది. కార్డు వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు.