చేతిఫోను మనస్సును చదువగలదా?

విద్యార్థి మనఃస్థితిని అతని జేబులోని స్మార్ట్‌ఫోను చెప్పగలదని కొందరు శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. ఈ భావమునకు ఆధారమైన పరిశోధనలలో 'స్టూడెంట్‌లైఫ్' పేర్కొనదగినది. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో ఆండ్రూ క్యాంప్‌బెల్ బృందము 2013లో దీనిని జరిపి, మరుసటి ఏట ఫలితములు ప్రకటించినది. దాని విలువ ఎంత, హద్దు ఎక్కడ అనునది పరిశీలింతము.

48 మంది విద్యార్థులు 10 వారములు ఫోనును వెంట ఉంచుకొనిరి. అందలి త్వరణమాపకము కదలికను, కాంతిగ్రాహకము వెలుగుచీకట్లను గుర్తించినవి. సంభాషణ జరుగుచున్నదా లేదా అనుదానినే మైక్రోఫోను పసిగట్టెను. మాటలను నమోదు చేయలేదు. చీకటి, నిశ్శబ్దము, కదలని ఫోను: ఈ గుర్తులను కలిపి నిద్రాకాలమును అంచనా కట్టిరి. వేరుగా 9 ప్రశ్నల పట్టికతో కుంగుబాటును కొలిచిరి. తక్కువ నిద్రించినవారిలో, తక్కువ సంభాషించినవారిలో కుంగుబాటు హెచ్చుగా కనబడెను.

ఈ పద్ధతిలో మెచ్చదగిన గుణము కలదు. గడచిన వారము ఎంతసేపు నిద్రించితివని అడిగినచో జ్ఞాపకము తడబడును. ఫోను ఏ రోజు లెక్క ఆ రోజే వ్రాసికొనును.

అయినను మూడు ఆక్షేపణలు కలవు. మొదటిది, పాల్గొన్నవారందరు ఒకే ప్రోగ్రామింగ్ తరగతివారు. 2017లో అదే బృందము రెండువందలకు పైగా విద్యార్థులతో నాలుగేండ్ల పరిశీలన ప్రారంభించినది గాని, అదియు ఆ కళాశాలలోనే. రెండవది, నిద్రకు కుంగుబాటునకు గల సహసంబంధ గుణకము సుమారు -0.4. దాని వర్గము 0.16. అనగా కుంగుబాటులోని హెచ్చుతగ్గులలో ఆరవవంతును మాత్రమే నిద్రతో ముడిపెట్టవచ్చును. అందును ఏది కారణమో, ఏది కార్యమో ఈ అంకె చెప్పదు.

మూడవది లెక్కకు సంబంధించినది. 1000 మందిలో 50 మంది బాధితులనుకొందము. బాధితులలోను, ఆరోగ్యవంతులలోను నూటికి 80 మందిని సరిగా గుర్తించు యంత్రము మనవద్ద ఉన్నదనుకొందము. అది 40 మంది బాధితులను పట్టును. 10 మందిని విడిచిపెట్టును. 950 మంది ఆరోగ్యవంతులలో 190 మందిపై పొరపాటున ముద్ర వేయును. అనగా ముద్రపడిన ఆరుగురిలో సుమారు ఒక్కరే నిజమైన బాధితులు! ఆ ముద్ర తరగతిలో పొక్కినచో మిగిలిన అయిదుగురి గతి ఏమి?

డార్ట్‌మత్ విద్యార్థులు తమంత తాము సమ్మతించి పాల్గొనిరి. పాఠశాల ఆజ్ఞగా వచ్చు నిఘాను దీనితో పోల్చరాదు. నిఘా ఉన్నదని తెలిసిన పిల్లవాడు ఫోనును గదిలో విడిచి తిరుగును, అప్పుడు కొలతయే చెడును. కనుక ఫోను చూపునది సూచనయే గాని రోగనిర్ణయము కాదు. ఆ సూచన మొదట విద్యార్థికే అందవలెను. ఆపై అతనిని పలుకరించి, అవసరమైనచో వైద్యునివద్దకు చేర్చుట మనుష్యుల పని.