బీన్-రాడ్‌బెల్ నమూనా: ఎంతవరకు నమ్మవచ్చు?

మే నెల మధ్యాహ్నం గండికోటలో నీడపట్టున కూడా ఉష్ణోగ్రత తరచు 40 డిగ్రీలు దాటుతుంది. గాజు గొట్టంలో మూసిన మాంగనీస్ ఆర్సెనైడ్ ముక్కను అక్కడ ఉంచామనుకోండి. ఆర్సెనిక్ విషం కాబట్టి ఊహలోనే ఉంచండి! ఉదయం అయస్కాంతానికి గట్టిగా అతుక్కున్న ముక్క సుమారు 40 డిగ్రీల దగ్గర పట్టు వదిలేస్తుంది. సాయంత్రం పెన్నా లోయలో గాలి చల్లబడి 38కి దిగినా ఆ పట్టు తిరిగి రాదు. దాదాపు 34 వరకు దిగాలి. అంటే 37 డిగ్రీల వద్ద ఆ ముక్క ఏ ప్రావస్థలో ఉందని ఎవరైనా అడిగితే, ‘ఉదయమా, సాయంత్రమా?’ అని మనం ఎదురు ప్రశ్న వేయాలి.

మీరు చదివిన క్యూరీ ఉష్ణోగ్రత పాఠంలో ఇది ఇమడదు. నికెల్‌లో అయస్కాంతీకరణం క్రమంగా తగ్గి సున్నా అవుతుంది. ఇక్కడ ఒక్కసారిగా పడిపోతుంది. గుప్తోష్ణం ఉంటుంది. షట్కోణ స్ఫటికం ఆర్థోరాంబిక్‌గా మారుతుంది. వేడి చేస్తుంటే ఘనపరిమాణం పెరగాల్సింది పోయి సుమారు 2 శాతం తగ్గుతుంది.

1962లో బీన్, రాడ్‌బెల్ దీనికి ఒక వివరణ ఇచ్చారు. పరమాణువుల మధ్య దూరాన్ని బట్టి వినిమయ శక్తి మారుతుంది. స్పిన్‌లు ఒకే దిశలో నిలిస్తే జాలకం వ్యాకోచిస్తుంది, ఆ వ్యాకోచం స్పిన్‌ల అమరికను ఇంకా బలపరుస్తుంది. దీన్ని అడ్డుకునేది స్థితిస్థాపక శక్తి. ఈ పోటీని ఈటా అనే ఒక్క పరామితి కొలుస్తుంది. అది 1 దాటితే పరివర్తన ప్రథమ శ్రేణిది అవుతుంది. ఇంత తక్కువ సామగ్రితో ఇంత చెప్పిన నమూనాలు అరుదు.

అయితే ఈ నమూనాకు తెలిసింది ఘనపరిమాణం ఒక్కటే. స్ఫటిక సౌష్ఠవం ఎందుకు మారిందో అది చెప్పదు. ఇంకా వేడి చేస్తే సుమారు 125 డిగ్రీల వద్ద స్ఫటికం మళ్లీ షట్కోణం అవుతుంది. ఆ సరికి ఫెర్రో అయస్కాంతత్వం ఎప్పుడో పోయింది కాబట్టి, అక్కడ నమూనాకు పనే లేదు. ‘బీన్-రాడ్‌బెల్ నమూనా నిర్మాణ పరివర్తనను వివరిస్తుంది’ అని సమాధానపత్రాల్లో రాయడం ఈ కారణంగానే తప్పు. అది వివరించేది మార్పులోని హఠాత్తుదనాన్ని.

నమూనాకు అనుకూలమైన సాక్ష్యమూ ఉంది. ఆర్సెనిక్‌లో పదో వంతు తీసి ఆంటిమొనీ చేర్చితే నిర్మాణం షట్కోణంగానే నిలుస్తుంది, శైథిల్యం దాదాపు పోతుంది. అయినా అయస్కాంత మార్పు పదునుగానే ఉంటుందని 2001లో వాడా, తనాబే చూపించారు. పదును ఘనపరిమాణం వల్ల, వెనకబాటులో ఎక్కువ భాగం నిర్మాణం వల్ల అని నేను అర్థం చేసుకుంటాను. అయస్కాంత శీతలీకరణకు కావలసింది మొదటిది. రెండోది ప్రతి చక్రంలోనూ శక్తిని వృథా చేస్తుంది.

హైదరాబాదులోని డిఎంఆర్‌ఎల్ శాస్త్రజ్ఞులు కూడా పనిచేసిన నికెల్-మాంగనీస్-గాలియం మిశ్రమాల సంగతి వేరు. నికెల్ రెండు పాళ్లు, తక్కినవి ఒక్కో పాలు ఉన్నప్పుడు నిర్మాణం సుమారు 202 కెల్విన్ వద్ద, అయస్కాంతత్వం సుమారు 376 కెల్విన్ వద్ద మారతాయి. నికెల్ పాలు పెంచితే రెండూ దగ్గరవుతాయి. అక్కడ ప్రధానంగా మారేది జాలకం ఆకృతి, ఘనపరిమాణంలో మార్పు స్వల్పం. అలాంటిచోట ఈటా విలువ లెక్కగట్టి ప్రయోజనం లేదు.